తల్లి బరువు సున్నా

అంగన్‌వాడీ కేంద్రంలో ఉండే పెద్ద కాటాకు తల్లీబిడ్డల కాటా అని పేరు. 2018 మార్చి 8న ప్రధానమంత్రి రాజస్థాన్‌లోని ఝున్‌ఝునూలో పోషణ్ అభియాన్‌ను ప్రారంభించిన తర్వాత దేశంలోని అంగన్‌వాడీలకు అందిన కొలత పరికరాలలో అదొకటి. ఈ తరహా కాటా పనిచేసే తీరు గమనించదగినది. ముందు తల్లి ఒక్కతే దాని మీద నిలబడుతుంది. తెర మీద ఆమె బరువు పడుతుంది. ఒక బొత్తాం నొక్కగానే ఆ అంకె పోయి సున్నా వస్తుంది. అప్పుడు బిడ్డను ఆమె చేతికి అందిస్తారు. ఇక తెర మీద కనిపించేది బిడ్డ బరువు మాత్రమే. తల్లి అక్కడే నిలబడి ఉంటుంది గాని లెక్కలో ఉండదు.

నిజామాబాద్ జిల్లాలోని ఒక ఊళ్ళో, బిడ్డకు ఏడో నెల నడుస్తున్న ఒక తల్లి, ఆ సున్నా పడకముందు తెర మీద మెరిసిన అంకెను చూసింది. 71. మొదటి కాన్పు నాటి కార్డులో, మొట్టమొదటి గడిలో ఉన్న అంకె 51. ఆమె ఎత్తు ఐదడుగులు. వయసు ఇరవై ఆరు.

“టీచర్, నాది గూడ జర రాయరాదు?” అని అడిగింది.

“నీ పేరు ఇప్పుడు లిస్టుల లేదమ్మా. ఆరు నెలలు నిండినయి గద. పాపదే రాస్తున్న” అంది టీచరమ్మ.

ఆ జవాబులో నిర్లక్ష్యం లేదు. టీచరమ్మ చేతిలోని ఫోనులో పాలిచ్చే తల్లుల జాబితా బిడ్డకు ఆరు నెలలు నిండేవరకే నడుస్తుంది. ఆ తర్వాత పాప పేరు పిల్లల జాబితాలో కొనసాగుతుంది. తల్లి పేరు మాత్రం మళ్ళీ గర్భం దాల్చితే తప్ప ఏ జాబితాలోకీ రాదు. ఈ తల్లి విషయంలో అది కూడా జరగదు. రెండో కాన్పు పెద్దాపరేషన్. అదే పూట పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేశారు.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం 33 బ్లాకుల్లో మొదలైనప్పుడు దేశం కళ్ళ ముందున్న బొమ్మ ఒకటే: ఎముకలు తేలిన తల్లి, చంకలో బక్కచిక్కిన బిడ్డ. ఆ బొమ్మ అప్పుడు అబద్ధం కాదు, ఇప్పటికీ అబద్ధం కాదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ గర్భిణికీ, ప్రసవం తర్వాత ఆరు నెలల వరకు తల్లికీ ఉచిత భోజనాన్ని హక్కుగా చేసింది. ఆ భోజనంలో రోజుకు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని షెడ్యూలులో రాసింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ అదనంగా కావలసిన శక్తి కూడా 600 కేలరీలే. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి పేరిట అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. ఈ ఏర్పాటులో వంక పెట్టవలసిన పని లేదు. ఆ గుడ్డూ ఆ పాలూ ఆమె ఆ రోజు మొత్తంలో తిన్నవాటిలోకెల్లా మేలైన తిండి. ఆరు నెలలు నిండగానే ఆగిపోయింది సరిగ్గా అదే. ఆగనిది బియ్యం.

అదే పోషకాహార సంస్థ ఆరో నెల నుంచి ఏడాది వరకు కూడా పాలిచ్చే తల్లికి 520 కేలరీలు అదనంగా కావాలంటుంది. అంటే శరీరం దృష్టిలో బాలింతతనం ఆరు నెలలతో ముగియదు. ముగిసేది కాగితం మీద.

ఆమె చేసే పని బీడీలు చుట్టడం. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ వాడకట్టులోకి వెళ్ళినా అరుగుల మీద ఇదే దృశ్యం. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపి మెత్తబరచిన తునికాకు, చేతిలో కత్తెర. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. పొద్దున వంట కాగానే కాళ్ళు మడుచుకొని కూర్చుంటే మళ్ళీ లేచేది పిల్లలు ఏడ్చినప్పుడో, కార్ఖానాకు బీడీలు అప్పజెప్పవలసిన వేళకో. లేచి తిరిగిన ప్రతి నిమిషమూ లెక్కలోంచి తగ్గుతుంది. కష్టజీవికి కొవ్వెక్కడిదని పట్నంలో కూర్చొని అనుకునేవారు ఈ కష్టాన్ని చూసి ఉండరు. వేళ్ళు, మెడ, నడుము పొద్దంతా అరిగిపోతాయి, కాళ్ళు మాత్రం కదలవు. శ్రమ అంటే నడక, నడక అంటే ఆరోగ్యం అనే సులువైన లెక్క ఇక్కడ కుదరదు.

భర్త మస్కట్‌లో ఉన్నాడు. వీసా కోసం చేసిన అప్పుకు మిత్తి ప్రతి నెలా కట్టాలి. ఇంట్లో అత్త, ఇద్దరు పిల్లలు. పాప రాత్రి మూడుసార్లు లేస్తుంది. తల్లి ఏకధాటిగా మూడు గంటలు నిద్రపోయి ఏడు నెలలైంది. నిద్ర తక్కువైతే ఆకలి ఎక్కువవుతుందని వైద్యులు చెబుతారు. చెప్పకపోయినా రాత్రి రెండింటికి పాలిచ్చి లేచిన ఏ తల్లికైనా ఆ సంగతి తెలుసు. ఆ వేళకు ఇంట్లో ఉండేది డబ్బాలో బిస్కెట్లు, గిన్నెలో మిగిలిన అన్నం. పగలు తీపి చాయ నాలుగుసార్లు. అది ఆకలిని చంపి వేళ్ళను నడిపిస్తుంది. పిల్లలు వదిలేసిన కంచాలు ఎత్తేది ఆమే, అందులో మిగిలిన ముద్దలు తినేదీ ఆమే. అన్నం పారేయకూడదు.

అత్త తన వంతు తాను చేసింది. మొదటి నెలంతా పథ్యం పెట్టింది: వెల్లుల్లి కారం, నెయ్యి, మెత్తటి అన్నం, లెక్కగా నీళ్ళు. మొదటి కాన్పుకు నడుముకు పాత చీర బిగించి కట్టింది గాని ఈసారి కుట్లు ఉన్నాయని కట్టలేదు. కోడలి పొట్ట తగ్గకపోవడానికి అదే కారణమని ఆమె నమ్మకం. ఆపరేషన్ అయితే ఒళ్ళు వస్తుందని వాడకట్టు నమ్మకం. ఒళ్ళు చేసింది అనే మాట ఒకప్పుడు మెప్పు. పుట్టింటి నుంచి వచ్చిన బాలింతను చూసి పెద్దలు సంతోషంతో అనే మాట. దానికి వ్యతిరేకమైనదే భయం కలిగించేది: చిక్కిపోయింది, పీక్కుపోయింది, ఎండిపోయింది. కరువులు చూసిన భాషలో లావు జబ్బుకు పేరు కాలేదు. అందులో తప్పేమీ లేదు. కాని భాష మారేలోగా శరీరాలు మారిపోయాయి.

2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ భారతీయ స్త్రీలలో 24 శాతం అధిక బరువుతో గాని ఊబకాయంతో గాని ఉన్నారు. దానికి ముందరి సర్వేలో ఇది 20.6 శాతం. తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తమిళనాడులో 40.4. పట్టణాల సంగతి తెలిసిందే. పల్లెల లెక్కే ఆగి చూడవలసినది. గ్రామీణ భారతంలో తక్కువ బరువున్న స్త్రీలు 21 శాతం, ఎక్కువ బరువున్నవారు దాదాపు 20 శాతం. రెండు సంఖ్యలూ పక్కపక్కనే నిలబడ్డాయి. అదే సర్వేలో 57 శాతం స్త్రీలకు రక్తహీనత. అంటే ఒకే ఒంట్లో కొవ్వు ఎక్కువగా, రక్తం తక్కువగా ఉండవచ్చు. ఈ తల్లి అలాంటిదే. కాన్పు ముందు పరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువని ఐరన్ మాత్రలిచ్చారు. ఆకలికీ లావుకూ మధ్య ఆమె ఎటువైపున్నదో చెప్పమంటే ఏ పథకమూ చెప్పలేదు, ఎందుకంటే ఆమె రెండు వైపులా ఉంది.

ఇంతవరకు చెప్పినది అద్దంలో కనిపించే సంగతి. కనిపించనిది మరొకటి ఉంది.

ఆరో నెల గర్భంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆమెకు గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీశారు. గర్భిణులకు ఈ పరీక్ష చేయాలని కేంద్ర మార్గదర్శకాలు 2014 నుంచి ఉన్నాయి. 75 గ్రాముల గ్లూకోజు, రెండు గంటలకు 140 దాటితే గర్భిణీ మధుమేహం. ఆమెకు 140 దాటింది. అన్నం తగ్గించమన్నారు, నెల నెలా చూశారు, ఆసుపత్రిలో కాన్పు చేశారు. తల్లీ బిడ్డా క్షేమం. ఇంతవరకు వ్యవస్థ తన పని తాను సక్రమంగా చేసింది. అదే మార్గదర్శకాలలో ఇంకో వాక్యం ఉంది: కాన్పయిన ఆరు వారాలకు తల్లికి మళ్ళీ పరీక్ష చేయాలి. ఆరు వారాల నాటికి ఆమె పుట్టింట్లో ఉంది. కుట్ల దగ్గర చీము పట్టింది. పరగడుపున మండల కేంద్రానికి వెళ్ళి, పాలు తాగే బిడ్డను ఎత్తుకొని రెండు గంటలు కూర్చోవాలి. ఆమె వెళ్ళలేదు. రాలేదేమని అడిగినవారూ లేరు. గర్భిణీ మధుమేహం వచ్చిన స్త్రీకి తర్వాతి కాలంలో అసలు మధుమేహం వచ్చే అవకాశం, రానివారితో పోలిస్తే ఏడు నుంచి పది రెట్లు. బరువు తగ్గకపోతే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. బరువు తగ్గడానికి సాయం కావాలనడం అందం గురించిన మాట కాదనడానికి ఇంతకన్నా వివరణ అక్కరలేదు.

ఆరు వారాల పాటు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, ఆరుసార్లు. ఆ పర్యటనలకు పెట్టిన పేరే నవజాత శిశు సంరక్షణ. ఆమె సంచీలో ఉండేది శిశువును తూచే కాటా. 2018 నుంచి మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు మరో ఐదుసార్లు రావడం మొదలైంది. అదీ బిడ్డ కోసమే. ఏడాది మీద మూడు నెలల్లో మొత్తం పదకొండుసార్లు ప్రభుత్వం ఒక పేద తల్లి గడప తొక్కుతుంది. ఇంత దగ్గరగా వచ్చే వ్యవస్థ ప్రపంచంలో చాలా దేశాలకు లేదు. దగ్గరగా వచ్చి తల్లి ఒళ్ళోకి చూస్తుంది, తల్లిని చూడదు.

గత నెలలో ఆశా కార్యకర్త ఆ ఇంటి అరుగు మీదే కూర్చొని అత్తకు చక్కెర పరీక్ష చేసింది. వేలికి సూది గుచ్చి, పట్టీ మీద చుక్క రక్తం తీసి, అంకె రాసుకుంది. కోడలు పక్కనే బీడీలు చుడుతోంది. తనకూ చేయమని అడిగితే ఆమె నవ్వి, “ముప్పై దాటినోళ్ళకే రాయమన్నరు. నీకు ఇరవయ్యారే గద” అంది. అసాంక్రమిక వ్యాధుల సర్వే నిజంగానే ముప్పై ఏళ్ళు నిండినవారికే. ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అడిగితే ఆమెకూ చేస్తారు, పాత కార్డు చూపిస్తే తప్పక చేస్తారు. కాని అడగాలని ముందు ఆమెకు తెలియాలి. ఇరవై ఆరేళ్ళకు తల్లుల జాబితాలోంచి బయటికి వచ్చింది. ముప్పై ఏళ్ళకు రోగుల జాబితాలోకి వెళ్ళే అర్హత వస్తుంది. నడుమ నాలుగేళ్ళు ఆమె ఎవరి బాధ్యతా కాదు. ఇది ఒక్కరి దురదృష్టం అనుకోవడానికి వీల్లేదు. పెళ్ళయిన స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారు. తెలుగు నేల మీద చాలామందికి అది ముప్పై దాటకముందే అయిపోతుంది. గర్భాశయం పని పూర్తయ్యాక ఆ శరీరంతో రాజ్యానికి వ్యవహారం ముగుస్తుంది. దక్షిణాది కుటుంబ నియంత్రణ విజయాన్ని పొగిడేవారూ, జనాభా తగ్గిందని పార్లమెంటు స్థానాల గురించి ఆందోళన చెందేవారూ ఈ సంగతి ఎప్పుడూ ఎత్తరు.

2025 ఫిబ్రవరి 23న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఊబకాయం గురించి మాట్లాడారు. ఇంట్లో వాడే నూనెను పది శాతం తగ్గించుకోమన్నారు. మర్నాడు పదిమంది ప్రముఖుల పేర్లు ప్రకటించి ఈ సందేశాన్ని వ్యాప్తి చేయమని కోరారు. మాట మంచిదే. దేశాధినేత ఈ విషయం ఎత్తడం అవసరమే. అయితే ఆ పదిమందిలో సినిమా తారలు, క్రీడాకారులు, పారిశ్రామికవేత్త, ముఖ్యమంత్రి ఉన్నారు గాని అంగన్‌వాడీ టీచరు లేదు. ఆ మరుసటి నెలలోనే బరువు తగ్గించే మౌంజారో సూది మందు భారత విపణిలోకి వచ్చింది. వచ్చినప్పుడు చిన్న మోతాదు సీసా ధర 3,500 రూపాయలు, వారానికొకటి. పాలిచ్చే తల్లులకు అలాంటి మందులు మామూలుగా సూచించరు. సూచించినా, నెలకు ఆ ఖర్చు ఆమె బీడీల కూలికి కొన్ని రెట్లు. కాబట్టి పైతరగతికి సూది, మధ్యతరగతికి జిమ్ము, పేద తల్లికి ఉపదేశం. నూనె పది శాతం తగ్గించడం ఆమెకు కష్టమేమీ కాదు. నెలాఖరుకు ఆమె ఇంట్లో అది దానంతటదే తగ్గుతుంది.

ఉచిత బియ్యమే ఈ లావుకు మూలమని, దాన్ని ఎత్తేస్తే సరిపోతుందని వాదించేవారు తప్పకుండా ఉంటారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ వాదం ఏదో రూపంలో వినబడుతూనే ఉంది. ఆ బియ్యమే లేకపోతే ఆమె అత్త తరం ఏమై ఉండేదో ఆ అత్తనే అడగవచ్చు. బియ్యం తప్పు కాదు, బియ్యం ఒక్కటే ఉండడం తప్పు. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు. అన్నం ఇప్పుడు రుచిగా ఉంది. దానిలోకి పప్పు మాత్రం బజారు ధరకు కొనాలి. తమిళనాడు 2007 నుంచి రేషన్‌లో కందిపప్పు కూడా తక్కువ ధరకు ఇస్తోంది. అయినా అక్కడ అధిక బరువు ఎక్కువే గదా అంటే, నిజమే, పప్పు ఒక్కటే మందు కాదు. కాని గుడ్డు ఆపేసి బియ్యం కొనసాగించే ఏర్పాటు కన్నా అది తెలివైనది.

సాయం చేస్తే ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు జవాబు సూటిగా లేదు. గర్భిణీ మధుమేహం వచ్చిన 1,601 మంది తల్లులతో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంకలలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. 2022లో ఫలితాలు వెలువడ్డాయి. సగం మందికి ఏడాది పాటు ఆహారం, వ్యాయామం గురించి బృంద శిక్షణ, మిగతా సగానికి మామూలు వైద్యం. ఏడాది దాటాక చూస్తే రెండు వర్గాలలోనూ నలుగురిలో ఒకరికి పైగా చక్కెర పరిస్థితి ముదిరింది. తేడా దాదాపు లేదు. చెప్పడం వేరు, చేయగలగడం వేరు అన్న సంగతి ఆ అంకెల్లో ఉంది. నడవండి అని చెప్పినంత మాత్రాన నడకకు కావలసిన గంట పుట్టుకురాదు, ఆ గంటసేపు బిడ్డను ఎత్తుకునే చేతులూ పుట్టుకురావు.

మన అంగన్‌వాడీలు మొదలైన 1975లోనే అమెరికాలో పేద తల్లులకూ పిల్లలకూ ఆహార సాయమందించే విక్ పథకం శాశ్వతమైంది. కాలిఫోర్నియాలో ఆ పథకం కేంద్రాలు పన్నెండింటిలో 371 మంది తల్లుల మీద చేసిన ప్రయోగం 2017లో అచ్చయింది. మామూలు సేవలకు తోడు ఏడాదంతా ఇంటర్నెట్ ద్వారా పాఠాలు, ఫోనుకు సందేశాలు, నెలకోసారి ముఖాముఖి సమావేశం. ఆ తల్లులు సగటున 3.2 కిలోలు తగ్గారు, మామూలు సేవలు మాత్రమే అందినవారు 0.9 కిలోలు. మూడు కిలోలంటే తక్కువే. కాని ఆ తల్లులు దానికోసం కొత్త ఆసుపత్రికి వెళ్ళవలసి రాలేదు. తమ తిండి కోసం వెళ్ళే కేంద్రమే తమ బరువునూ పట్టించుకుంది. అమెరికాను అనుకరించనక్కరలేదు గాని ఈ ఒక్క విషయం మాత్రం ఇక్కడికి సులువుగా దిగుతుంది. ఆశా కార్యకర్త ఎలాగూ ఐదుసార్లు వస్తుంది. ఆమె సంచీలో ఒక నడుము టేపు, కార్డులో తల్లికి ఒక వరస గడులు, గర్భిణీ మధుమేహం ఉన్నవారికి అరుగు మీదే చక్కెర పరీక్ష, ఏడాది నిండేవరకు తల్లికి ఆ గుడ్డు. దీనికి కొత్త పథకం పేరు గాని, ఎవరి ఫొటో గాని అక్కరలేదు. బహుశా అందుకే జరగడం లేదు. అయితే ఇప్పటికే ఒక్కో పర్యటనకు యాభై రూపాయలతో నెట్టుకొస్తున్న ఆశా కార్యకర్త మీద ఈ పని ఊరికే వేయడం అన్యాయం. దానికి వేరే చెల్లించాలి.

బిడ్డను చూసుకునే చేతుల సంగతి ఇంకా కష్టం. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం కార్ఖానా ఆవరణలో తగినంతమంది స్త్రీలు పనిచేస్తే శిశుగృహం ఉండాలంది. పని ఆవరణ దాటి అరుగుల మీదికి వచ్చాక ఆ మాటకు అర్థం లేకుండా పోయింది. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగినప్పుడు దేశమంతా హర్షించింది. అది ఉద్యోగం ఉన్నవారికి. ఈమె కాన్పయిన నలభయ్యో రోజున చాట ఒళ్ళోకి తీసుకుంది.

అంగన్‌వాడీ నుంచి ఇంటికొచ్చాక ఆమె కార్ఖానా లెక్కల పుస్తకం తీసి, వెనక అట్ట మీద 71 అని రాసి పక్కన తేదీ వేసింది. సాయంత్రాలు ఇంటి వెనక పొలం గట్టు దాకా నడవాలనుకుంది. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు పాపకు జ్వరం. మండల కేంద్రానికి వెళ్ళి చక్కెర పరీక్ష చేయించుకోవాలనీ అనుకుంది. పాత కార్డు వెతికి సంచీలో పెట్టుకుంది. మండలానికి పోయే పని మరేదైనా పడితే కలిసొస్తుందని చూస్తోంది.

మరుసటి నెల పాపను తూచే రోజున ఆమె మళ్ళీ కాటా ఎక్కింది. టీచరమ్మ బొత్తాం మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది.

“చూసుకున్నవా?”

“చూసుకున్న. డెబ్బై ఒకటిన్నర.”

టీచరమ్మ బొత్తాం నొక్కి, పాపను అందించింది.